ఆనపపువ్వు వెనక ఎరుపు

నిజాం సర్కారు నడిచే ఆ కాలంలో ఇరవయ్యేళ్ల మగపిల్లవాడికి మూడుంటే చాలు, లోకం చిన్నదైపోయేది: నూనె రాసి దువ్విన క్రాపు, నాలుగు ఉర్దూ ముక్కలు, సర్కారీ కొలువు మీద ఆశ. నాకు మొదటిది బాగానే ఉండేది, రెండోది అంతంత మాత్రం, మూడోది మాత్రం తలకెక్కి కూర్చుంది. మాది చేర్యాలలో బొమ్మలు వేసే ఇల్లు. బారెడు గుడ్డ మీద కులపురాణాలు బొమ్మలుగా దించితే, కథలు చెప్పేవాళ్లు వాటిని ఊరూరా విప్పి చూపించి పాడేవారు. మా ఇంట్లో గీత ఒకరు గీస్తే రంగు ఇంకొకరు నింపేవారు. గీసేవాడు అన్నం తినడానికి లేస్తే, ఖాళీగా ఉన్నవాళ్లు ఆ జాగాలో కూర్చుని కుంచె అందుకునేవారు. "ఈ బొమ్మ ఎవరిది?" అని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడిగి ఎరుగరు. బొమ్మ వెనక ఖాళీ ఉంటే అందులో ఎరుపు నింపాల్సిందే. వేలెడు తెలుపు మిగిలినా పని సగంలో ఆగినట్టే లెక్క. ఇదంతా పాతకాలపు పద్ధతి అనీ, నేను అంతకంటే ఎక్కువవాడిననీ నమ్మి, సిద్దిపేటలో మా మేనమామ ఇంటికి చేరి దుకాణాల పలకల మీద పేర్లు రాస్తూ ఉండేవాణ్ణి.

అలాంటి సమయంలో సిద్దిపేట బడిలో పూలు, పండ్లు, కూరగాయల నుమాయిష్ పెడుతున్నారని దండోరా వేశారు. పెద్ద గుమ్మడికాయకు ఒక బహుమతి, మంచి వంకాయలకు ఒక బహుమతి, వాటితోపాటు మొక్కల బొమ్మలకూ ఒకటి. అన్నిటికంటే ముఖ్యమైన మాట మామ మోసుకొచ్చాడు. "అల్లుడా, బొమ్మలు జూడనీకి పట్నం నుంచి తోటల అఫ్సరు వస్తుండట. ఆయనకు మొక్కల బొమ్మలేసేటోడు ఒకడు గావాల్నట. నచ్చితే కొలువే!" కచ్చేరీలో రాసిపెట్టిన షరతు ఒకటే. తెల్ల కాగితం మీద మొక్క తప్ప ఇంకేమీ ఉండకూడదు. దేవుడు వద్దు, రాజు వద్దు, వెనక రంగు అసలే వద్దు. నాకు పండగలా అనిపించింది. ఎరుపు పీడ వదిలిందనుకున్నాను.

మామ ఇంటి వెనక పందిరి మీది ఆనపతీగను ఎంచుకున్నాను. (గులాబీ వేద్దామంటే గులాబీ ఉన్న ఇంటివాళ్లు నన్ను గేటు దాటనివ్వలేదు.) తీగ ఎంచుకోవడం తేలికే, కాయను కాపాడటం కష్టమైంది. "ఆ కాయ ముదిరిపోతుందిరా పిలగా, పప్పుల ఏస్త" అని అత్తమ్మ రోజూ కత్తిపీట ముందేసుకునేది. "నుమాయిష్ అయ్యేదాక ఆగు అత్తమ్మా, అది నా నౌకరి" అని నేను పందిరి కింద కాపలా ఉండేవాణ్ణి. కాయ మాత్రం ఎవరి మాటా వినలేదు. సోమవారం గీసిన కాయ గురువారానికి బెత్తెడు పెరిగేది. నేను చెరిపి మళ్లీ గీసేవాణ్ణి. మూడుసార్లు చెరిపాక, కాగితం చిరిగేలోపు కాయే పెరగడం మానింది.

అసలు చిక్కు పువ్వు తెచ్చింది. ఆనపపువ్వు పొద్దు వాలుతుండగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. మిగిలిన ఆ కాస్త వెలుతురులో గబగబా గీసేవాణ్ణి. తీరా చూస్తే పువ్వు తెలుపు, కాగితమూ తెలుపు! సన్నటి బూడిదరంగు గీతతో అంచులు దిద్దాను. దగ్గరికెళితే ఉన్నట్టుండేది, రెండడుగులు వెనక్కి జరిగితే మాయమయ్యేది. అత్తమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసి, "ఆకులున్నయి, కాయ ఉన్నది. పువ్వేదిరా?" అంది. "తెల్వనోళ్లకు కనవడది" అని కసిరాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఎందుకంటే ఆ పువ్వు నాకూ కనబడటం లేదు.

నుమాయిష్ రోజు పొద్దున్నే మంగలి దగ్గర క్రాపు దిద్దించుకుని, మామకు తెలిసిన గుమాస్తా దగ్గర షేర్వాణీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అది మోకాళ్లు దాటి పిక్కల దాకా వచ్చింది. ఇస్తే ఇచ్చాడు కదా, ఊరికే ఇంటికి పోవడమెందుకని బజారంతా రెండు చుట్లు తిరిగాను. ఇంటికొచ్చేసరికి మా బాపు అరుగు మీద కూర్చుని కుంచె కడుగుతున్నాడు. కొడుకు బొమ్మ చూద్దామని చేర్యాల నుంచి తొలి బస్సుకే వచ్చాడట. పక్కన కొబ్బరిచిప్పలో ఎర్రరంగు, గోడకు ఆనించి నా బొమ్మ. కాయ వెనక, ఆకుల నడుమ, సన్నటి నులితీగల చుట్టూ, ఒక్క వెంట్రుకంత జాగా కూడా వదలకుండా అంతా ఎరుపే.

"బాపూ! ఏం జేసినవే?"

"రంగు నింపిన బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. "గంత జాగ ఖాళీగ ఇడిచిపెట్టినవ్. యాళ్ల సాలలేదో, రంగే అయిపోయిందో అనుకున్న. ఎప్పటిలెక్క నా సంచిల మన రంగు ఇంత ఉండె, నింపిన. తీగెలు మంచిగ గీసినవ్ రా."

కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. కొత్త కాగితం లేదు, సమయం అంతకన్నా లేదు. బాపు చీకటితోనే లేచిందీ, బస్సెక్కి వచ్చిందీ నా కోసమేనని తెలుసు కనక గట్టిగా అరవలేకపోయాను. బొమ్మ చంకన పెట్టుకుని బడివైపు నడిచాను. వెనకాలే బాపు, భుజం మీద గొంగడితో, ఎంతో సంతోషంగా.

బడి వరండాలో గుమ్మడికాయలు, వంకాయలు బారులు తీరి ఉన్నాయి. గోడకు ఆరో ఏడో బొమ్మలు. అన్నీ తెల్లగా, వాటి మధ్య నాది ఎర్రగా. కళ్లజోడు అఫ్సరు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి నా బొమ్మ ముందు ఆగాడు. చేతికర్రతో ఎరుపును చూపించాడు. "కాగితం తెల్లగా ఉండాలని రాయించాం కదా? ఈ లాల్ రంగ్ ఎవరిది?"

కొలువు చేజారుతోంది. నోట్లోంచి మాట దానంతటదే దూకింది. "ఎవలో ముసలాయన సాబ్. నేను లేనప్పుడు ఏసిపోయిండు. నాకు ఎరికలేదు."

ఆ ముసలాయన నా వెనక రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఏమీ వినపడనట్టు వంకాయల బల్ల వైపు తిరిగి, ఒక వంకాయను చేతిలోకి తీసుకుని తెగ పరీక్షించడం మొదలుపెట్టాడు.

అఫ్సరు మాత్రం కదల్లేదు. వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు, పక్కనున్న మల్లెపూల బొమ్మను చూసి మళ్లీ నా బొమ్మ దగ్గరికి వచ్చాడు. "ఆ మల్లెలు కాగితంలో కలిసిపోయినయి. ఇక్కడ చూడు, ఆనపపువ్వు రెక్క మీది ముడత కూడా తెలుస్తున్నది. ఎరుపు లేకుంటే ఈ పువ్వు ఎవరికి కనబడేది? ఆ ముసలాయన దొరికితే తీసుకురా."

"మా బాపే సాబ్!" అని అరిచాను. వరండా మొత్తం ఇటు తిరిగింది.

"ఇప్పుడే కదా తెలియదన్నావు?" అన్నాడు అఫ్సరు. నాకు షేర్వాణీ ఇచ్చిన గుమాస్తా అక్కడే ఉండి, మొహానికి దస్తీ అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ షేర్వాణీలో నేనూ, నా క్రాపూ ఎక్కడికైనా జారిపోతే బాగుండుననిపించింది.

బాపు వంకాయ కింద పెట్టి ముందుకొచ్చి దండం పెట్టాడు. "తీగె, కాయ, పువ్వు అన్ని వాడే గీసిండు దొరా. నేను జాగ నింపిన, గంతే. మా ఇండ్లల్ల గట్లనే జేస్తం. తప్పయితే నాది, పిలగానిది గాదు."

షరతు షరతే కనక బహుమతి ఒక పంతులుగారి గులాబీకి పోయింది. అయితే అఫ్సరు వెళ్తూ వెళ్తూ నన్ను పిలిచి, వానలు పడ్డాక పట్నం రమ్మన్నాడు. మూడు నెలలు పని చూసి ఆ తర్వాత మాట్లాడతానన్నాడు. "తోటలో తెల్లపూల మొక్కలు చాలా ఉన్నయి. వాటికి వెనక రంగు వెయ్యి. ఎట్ల వెయ్యాలో మీ నాన్నను అడిగి నేర్చుకుని రా."

సాయంత్రం బాపును బస్సెక్కించడానికి వెళ్లాను. దారంతా క్షమించమని అడగాలని పది రకాలుగా అనుకున్నాను, ఒక్కటీ బయటికి రాలేదు. బాపు వానల గురించీ, పట్నంలో కిరాయిల గురించీ, ఇంటి దగ్గర అమ్మ ఎంత సంబరపడుతుందో అన్న సంగతీ మాట్లాడుతూనే ఉన్నాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, తల బయటపెట్టి నా క్రాపు చెదిరేటట్టు నిమిరాడు.

"పట్నంల ఎవలన్న మీ బాపు ఎవలని అడిగితే చెప్పు బిడ్డా" అన్నాడు నవ్వుతూ. "కొలువేం పోదు."

కొలువు పోలేదు. మూడు నెలలు కాస్తా ముప్ఫై ఏళ్లయింది. తెల్లపూలు వేసిన ప్రతిసారీ, పక్కన ఎవరున్నా సరే, ఈ పద్ధతి మా బాపుదని చెప్పేవాణ్ణి. మొదట్లో వినేవారు, తర్వాత తర్వాత నన్ను చూడగానే "ఆ, తెలుసు, మీ బాపుది" అని వాళ్లే అనేవారు. ఇప్పుడు బాపు లేడు, అడిగే అఫ్సర్లూ లేరు. ముసలివాణ్ణయ్యాను కదా, ఎవరూ అడక్కపోయినా ఇదిగో, ఇలా మీకు చెప్పేస్తున్నాను.