రెండు వరుసల బడిలో మా తెలుగు టీచర్

మా తెలుగు టీచర్ పోయిన సంగతి నాకు తిరుత్తణి బస్టాండులో తెలిసింది. తిరువళ్ళూరులో ఉద్యోగానికి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఆగిన పళ్ళిపట్టు బస్సులోంచి కండక్టరు తల బయటపెట్టి పిలిచాడు. ఆయన మా వీధి మనిషే.

"పాపా, మీ టీచరమ్మ పొయ్యిందంటమ్మా. తెల్లారుజామున. వారం నుంచీ జ్వరమంట. ఎక్కు, అట్లే పోదాం."

ఎక్కాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నలభై రెండేళ్ళకు పోవలసిన మనిషా ఆమె? ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. మా నేతగాళ్ళ సంఘం వాళ్ళు వచ్చి, "ఆమెను గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యమ్మా, సంచికలో ఏస్తాం" అన్నారు. మంచి మాటలు ఆమెవి, రాస్తాను. మిగతావి మనవి. అవీ రాస్తాను.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి జూన్‌లో ఆమె మా కాన్వెంటు బడికి వచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. బడి చర్చి కాంపౌండులోనే ఉండేది. మా మగ్గాల వీధి నుంచి ముప్ఫై మంది దాకా ఆడపిల్లలం నడిచి వెళ్ళేవాళ్ళం. ఆమెదీ మా వీధే. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ట్రైనింగు చదివి టీచరైన మొదటి ఆడమనిషి. మా అమ్మలకు ఆమెను చూస్తే గర్వం. ఆ గర్వం మూడు నెలలు నిలవలేదు.

సుద్దపొడి ముందు బెంచీ వాళ్ళ మీద పడుతుందని బోర్డును తడిగుడ్డతో తుడిచేది. మేం తమిళంలో జవాబు చెబితే కసిరేది కాదు. "సరి, దాన్నే మీ అమ్మతో ఎట్ల చెప్తావో అట్ల చెప్పు" అనేది. అర్థం కాకుండా తలలూపితే మాత్రం ఊరుకునేది కాదు. "మాట మింగితే అరగదే. కక్కెయ్యండి" అనేది.

ఆ బడిలో మధ్యాహ్నం అన్నానికి రెండు వరుసలు ఉండేవి. మా వీధి పిల్లలం ముందు వరండాలో తినేవాళ్ళం. హాస్టలు పిల్లలు వెనక వంటపాకలో తినేవాళ్ళు. వాళ్ళు ఊళ్ళ అవతల విడిగా ఉండే చేరి వాడల నుంచి వచ్చినవాళ్ళు. మా ఇళ్ళలో వాళ్ళ కులం పేరెత్తేవారు కాదు, "ఆ పక్కోళ్ళు" అనేవారు. ఈ రెండు వరుసల సంగతి ఏ కాగితం మీదా రాసి లేదు. అడిగినవాళ్ళూ లేరు. టీచర్ కూడా అడగలేదు. వచ్చిన మొదటి రోజే తన డబ్బా పట్టుకుని నేరుగా వంటపాకలోకి వెళ్ళి, హాస్టలు పిల్లల మధ్య కూర్చుని తినింది. మరునాడూ అంతే.

ఆ సంగతి ఇంట్లో చెప్పింది మేమే. నేనూ చెప్పాను.

తిరుత్తణి కొండ పండగ ఆడికృత్తికకు కావళ్ళు మోసే సందడి ముగిసి బడి తెరిచిన వారానికి, మా వీధి పెద్దలు పది మంది బడి నడిపే మదర్ గారి గది ముందుకు వచ్చారు. ముందు నిలబడినాయన వీధికంతా నూలిచ్చే షావుకారు, మేం ముదలాళి అంటాం. వెనకెక్కడో మా నాన్న. మేం తరగతి కిటికీలోంచి చూస్తున్నాం.

"మదర్, మా బిడ్డలు సదువుకొనేదానికి వస్తా ఉండారు. ఎవురి పక్కన కూసోని తినాలనేది మేం చూసుకుంటాం. ఆ టీచర్‌కు చెప్పండి" అన్నాడు ముదలాళి.

మదర్ చెడ్డమనిషి కాదు. భయస్థురాలు. టీచర్‌ను పిలిచి, "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి టీచర్. ఇంతమంది మానేస్తే బడి ఎట్లా నడిచేది?" అంది.

"పొద్దున ప్రేయర్‌లో అందురూ దేవుని బిడ్డలే అని పలికిస్తాం గదా మదర్. మద్యాన్నానికి అది మారిపోతాదా?" అంది మా టీచర్. గొంతు పెంచలేదు.

మర్నాటి నుంచి పదకొండు మందిని మాన్పించారు. వాళ్ళలో నేనొకతెను. ఇంట్లో రాట్నం దగ్గర కూర్చోబెట్టి కండెలు చుట్టించారు. నాలుగో రోజు సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. కూర్చోమని మా అమ్మ అనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నువ్వు మా వీధి బిడ్డవి. నువ్వే మా మరియాద తీస్తే ఎట్ల?" అన్నాడు నాన్న.

"మామా, నీ మరియాద నీ బిడ్డ సదువులో ఉండాది. రాట్నం కాడ కూసోబెట్టి దాన్ని పోగొట్టుకోవద్దు."

తొమ్మిది సాయంత్రాలు వచ్చింది. చివరికి నాన్న విసిగిపోయి, "పంపిస్తా పో తల్లీ. కానీ అది ఏరేగానే తింటాది" అన్నాడు.

"సరి మామా. ముందు బడికి రానీ" అని వెళ్ళిపోయింది.

ఒక్కొక్క ఇంటికీ అట్లాగే తిరిగి పదకొండు మందినీ వెనక్కి తెచ్చింది. ఆ నెలలోనే ముదలాళి ఆమె తండ్రికి నూలు ఆపేశాడు. ఆమె ఆ మాట తరగతిలో ఎన్నడూ ఎత్తలేదు. కానీ మేం బడికి పోయేది వాళ్ళ ఇంటి ముందు నుంచే. వీధంతా మగ్గాలు ఆడుతుంటే ఆ ఒక్క ఇల్లూ చప్పుడు లేకుండా ఉండేది. మాకందరికీ తెలుసు. మా నాన్నలకు ఇంకా బాగా తెలుసు.

కార్తీకంలో వానలు ఆగకుండా కొట్టాయి. ముందు వరండా పెంకులు కూలాయి. ఇక అందరం వంటపాకలోకే చేరాలి. ఆ మొదటి రోజు నా క్యారియరు తడికాళ్ళ మీద జారి కిందపడి అన్నమంతా బురదపాలైంది. పక్కనున్న హాస్టలు పిల్ల రోజమ్మ తన పళ్ళెంలో సగం రసం అన్నం నా వైపు జరిపి, "తీసుకో" అంది.

"ఒద్దు" అన్నాను. అందరూ విన్నారు. రోజమ్మ పళ్ళెం వెనక్కి లాక్కుంది. తల వంచుకుని తినింది.

టీచర్ నన్ను బడి వదిలాక పిలిచింది.

"నీకు ఆకలయ్యిందా, లేదా?"

"అయ్యింది టీచర్."

"మరి ఒద్దనింది ఎవురు? నువ్వా, మీ నాయనా?"

నా జవాబుకు నాలుగు రోజులు పట్టింది. ఐదోనాడు రోజమ్మ పక్కన కూర్చుని ఊరగాయ అడిగాను. ఆ పిల్ల నా మొహం చూడకుండానే పెట్టింది. చూసి నవ్వడానికి ఇంకో వారం పట్టింది. క్రిస్మసుకు మా వీధి పిల్లలూ, హాస్టలు పిల్లలూ కలిసి ఏసు పుట్టిన పశువుల పాక కట్టాం. జనవరిలో వరండా బాగైంది. మాలో ఒక్కరం కూడా తిరిగి అక్కడికి పోలేదు.

మార్చిలో వార్షికోత్సవం. "మన బడి ఒకే కుటుంబమైన సంవత్సరం ఇది" అని నివేదిక చదివారు. దాతలకూ పెద్దలకూ వందనాలు చెప్పారు. ముదలాళిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మా టీచర్ వెనక, నాటకం బట్టల మూట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు ఎవరూ పలకలేదు. ఏప్రిల్‌లో ఆమె చేతికి కాగితం ఇచ్చారు. తాత్కాలిక ఉద్యోగమట, వచ్చే ఏడు అక్కరలేదట.

వీధి అడగలేదు. మదర్ అడగలేదు. మేమూ అడగలేదు. ఆమె మాకు నేర్పింది ఒకటి, మేం చేసింది ఇంకొకటి. మింగి ఊరుకున్నాం.

టీచర్ తండ్రిని తీసుకుని పళ్ళిపట్టులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ ఒక చిన్న బడిలో పదేళ్ళు పాఠాలు చెప్పింది. ఆ పదేళ్ళలో నేను వెళ్ళి చూసింది రెండేసార్లు. రెండోసారి, "రోజమ్మ యాడుండాదో తెలుసునా?" అని అడిగింది. తెలియదన్నాను. "వేలూరులో నర్సు. నాకు జాబులు రాస్తా ఉంటాది. ఆ పిల్లకు నువ్వూ రాయరాదా?" అంది. నేను రాయలేదు.

టీచర్ పోయిన రోజు నేను పళ్ళిపట్టులో బస్సు దిగేసరికి ముదలాళి మాకంటే ముందే కారులో వచ్చి ఉన్నాడు. అందరి దండల కంటే ఆయనది పెద్దది. "మా వీధి మాణిక్యం పొయ్యింది" అని గొంతు బొంగురు చేసుకున్నాడు. ఆమె తండ్రి అంతకుముందే పోయాడు, అది విననవసరం లేకుండా.

పన్నెండు గంటల బస్సులో తొమ్మిది మంది ఆడవాళ్ళు దిగారు. పాత హాస్టలు పిల్లలు. రోజమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీరలోనే ఉంది. పందిట్లో మా వాళ్ళెవరో, "మీరు కొంచెం అట్ల ఎడంగా నిలబడండమ్మా" అన్నారు. పదేళ్ళు గడిచినా అదే మాట! ఆమె శవం ముందు కూడా! నేను అక్కడే ఉన్నాను. విన్నాను. మా వాళ్ళలోనే ఉండిపోయాను.

పాడె లేచింది. మా ఆనవాయితీలో ఆడవాళ్ళు వీధి మలుపు దాటి పోకూడదు. మలుపు దగ్గర అందరం ఆగాం. రోజమ్మ వాళ్ళు ఆగలేదు. మా మధ్య నుంచే దారి చేసుకుని, మగవాళ్ళ వెనక నడుస్తూ పోయారు. "యాడికమ్మా, ఆడోళ్ళు రాకూడదు" అని ఎవరో అరిచారు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగా వచ్చిన చెరుకు బళ్ళు పక్కకు తొలగి నిలిచాయి. ఆ తొమ్మిది మంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చెరుకుతోటల మధ్య శ్మశానం బాటలోకి మళ్ళారు. రోజమ్మ తెల్లచీర కొంచెంసేపు కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు. నేను మలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.