పాడుబడ్డ గోడల డిగ్రీ

మా అమ్మాయి కాలేజీలో రోమ్ శిథిలాల గురించి చదువుతానన్నప్పుడు, పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చి మరీ అరిచాను. పడిపోయిన గోడలు చూడ్డానికి డిగ్రీ దేనికి, కళ్లుంటే చాలదా? "గోడలు కాదమ్మా. వాటిని చూసినవాళ్లు ఏమనుకున్నారో, అది" అంది. అదింకా అన్యాయం. గోడలు కూడా కాదట, గోడల్ని చూసి ఎవరో ఎప్పుడో అనుకున్న మాటలట!

అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో మా స్నేహితుల పిల్లలందరూ కంప్యూటర్ సైన్సే. నెలకోసారి ఎవరో ఒకరింట్లో పాట్‌లక్ ఉంటుంది, తలా ఒక వంటకం పట్టుకెళ్తాం. బిర్యానీ ట్రే మూత తీసేలోగా పిల్లల మేజర్లేంటో, ఏ డిగ్రీ చదువుతున్నారో అడిగేస్తారు. నా వంతు వచ్చేసరికి నోట్లోంచి "డేటా సైన్స్" అని జారిపోయింది. జారిన మాటను వెనక్కి లాక్కోవడం చేతగాక మూడేళ్లు దాని మీదే నిలబడ్డాను. మా ఆయన పక్కన కూర్చుని తలూపేవాడు. ఆయనకు తలూపడం బాగా వచ్చు. అమ్మాయికి మాత్రం ఈ సంగతి ఇద్దరం చెప్పలేదు.

మొన్న వేసవిలో అది హెర్న్‌డన్ లైబ్రరీలోనే ప్రసంగానికి ఒప్పుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ నోటీసు బోర్డు మీద దాని ఫొటో చూసిన ఒకావిడ, "మన పిల్ల టాక్ ఇస్తోంది, అందరం వెళ్లి సపోర్ట్ చేద్దాం" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. తీరా వెళ్లి చూస్తే ముందు వరసలో ఏడుగురు, సమోసాల ట్రేతో సహా.

పిల్ల మొదలుపెట్టింది. కొలోసియంలో దయ్యాలున్నాయని ఒకప్పటి జనం హడలిపోయారట. ఇంకొందరు ఏ భయం లేకుండా ఆ కమానుల కిందే కాపురాలు పెట్టి, కొట్లు తెరిచారట. పాలరాతి పలకలు ఊడబెరికి, బట్టీల్లో కాల్చి సున్నం చేసుకున్నారట. ఒకప్పుడు రాజ్యం నడిపిన చోట ఆవులు మేశాయట. ఆ తర్వాతి కాలంలో దొరలు గుర్రబ్బండ్లు కట్టించుకుని వచ్చి, వెన్నెల్లో నిలబడి కళ్లు తుడుచుకున్నారట. ఏడవడానికి అంత దూరం రావాలా, ఇంట్లో కుదరదా? ఒకాయన మాత్రం ఏడుపు జోలికి పోకుండా, ఆ గోడల సందుల్లో మొలిచిన మొక్కల్ని పేరుపేరునా రాసుకుని పుస్తకం వేశాడట. నాకు ఆయనే నచ్చాడు. తర్వాత వచ్చిన తవ్వకాలవాళ్లు ఆ మొక్కలన్నీ పీకి శుభ్రం చేసేశారని విని నిజంగానే ఒళ్లు మండింది.

అప్పుడు తెలిసింది, నోరు తెరుచుకుని వింటున్నానని. మూడేళ్లలో ఒక్కపూట దాన్ని కూర్చోబెట్టుకుని ఈ మాటలు అడగలేదు. సిగ్గేసింది.

చప్పట్లయ్యాక ముందు వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది.

"సూపర్‌గా చెప్పావురా కన్నా! కానీ నీ మేజర్ డేటా సైన్స్ కదా, మీ మమ్మీ చెప్పింది? దీనికి టైమ్ ఎలా మేనేజ్ చేస్తున్నావ్?"

పిల్ల నావైపు చూసింది. నేను సమోసాల వైపు చూశాను.

"అవును ఆంటీ" అంది, నవ్వుతూ. "ఇది జస్ట్ హాబీ."

అందరి ముందూ నన్ను నిలదీసి ఉంటే నేనూ గొంతు పెంచేదాన్ని, అది నాకు చేతనవును. కానీ నా పరువు కోసం, ప్రాణం పెట్టి చదివిన చదువుని అది హాబీ అనేసింది. మొహంలో నవ్వు చెదరలేదు గానీ చేతిలో కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

లేచి నిలబడ్డాను. "హాబీ కాదండీ. అది చదివేదే ఇది. డేటా సైన్స్ అని నేనే అబద్ధం చెప్పాను."

"మూడేళ్ల నుంచా?" అంది ఆవిడ.

"మూడేళ్ల నుంచే."

ఆవిడ సమోసాల ట్రే అందుకుని పంచడం మొదలుపెట్టింది. తర్వాత కుర్చీలు సర్దుతుంటే పిల్ల పక్కకొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనే అనుకున్నాను.

"నాకు ఫస్ట్ ఇయర్‌లోనే తెలుసు అమ్మా" అంది. "అప్పట్నుంచీ మనవాళ్లు ఎవరు అడిగినా నేను కూడా డేటా సైన్స్ అనే చెప్తున్నా."