జపాన్ గిటారు వెనకవైపు

గిటారు ఇంటికి వచ్చిన రోజు నుంచీ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా ఆవిడ అంటుంది. కాదనలేను. మామూలుగానే నాకు కుదురు తక్కువ. ఈ దీవుల్లో బతు బస్తీ అనే పేటలో మాకో హార్డ్‌వేర్ షాపు ఉంది. అందులో కుర్చీ వేసింది వచ్చేవాళ్ళ కోసమే, నేను దాంట్లో కూర్చోగా ఎవరూ చూసి ఉండరు. అలాంటివాడి చేతికి స్క్రూలు విప్పడానికి వీలైన వస్తువు దొరికితే ఊరుకుంటాడా?

మా తెలుగు చర్చిలో దాన్ని అందరూ జపాన్ గిటారు అనేవారు. ఎన్నో ఏళ్ళు దాన్ని వాయించిన పెద్దాయన కిందటేడు పోయారు. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో పనిచేశారట. ఏదో రేవులో ఒక జపాన్ నావికుడు స్నేహం కొద్దీ ఆ గిటారు చేతిలో పెట్టి వెళ్ళాడని చెప్పేవారు. క్రిస్మస్ వచ్చిందంటే ఆ కథ ఇంకోసారి వినాల్సిందే. వినీ వినీ మా అందరికీ కంఠతా వచ్చేసింది.

ఆయన భార్యను నేను ఆంటీ అంటాను. హోప్ టౌన్‌లో ఒక్కతే ఉంటుంది. "ఇంట్లో ఉంచితే ఉప్పుగాలికి తుప్పెక్కిపోద్ది బాబూ. నువ్వు వట్టుకెళ్ళు. ఏడాది కూడికలో మాత్రం నువ్వే వాయించాల" అని నాకిచ్చింది.

మావాళ్ళలో మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతాం. పాటలు, ప్రార్థన అయ్యాక సాక్ష్యాలు. పోయిన మనిషి గురించి తెలిసిన ఒక మాట లేచి చెప్పాలి. దేవుడి ముందు నిలబడి చెప్పే మాట కనక అందులో కల్పించడానికి ఎవరికైనా భయమే. "గిటారు నీ దగ్గరే ఉంది కదా, ఆ జపాన్ సంగతి నువ్వే సాక్ష్యం చెప్పు" అని పాస్టరుగారు నాకు ముందే పురమాయించారు. సరేనన్నాను. అప్పటికి నాకేం తెలుసు?

దాన్ని వాయిస్తుంటే ఒక తీగ గరగరమనేది. మెయిన్‌లాండ్ నుంచి కొత్త భాగం తెప్పించాలంటే అసలది ఏ మోడలో తెలియాలి. స్క్రూలు విప్పి, ఒక్కో ముక్కనూ షాపు కౌంటరు మీద పరిచి ఫొటోలు తీశాను. పాత జపాన్ గిటార్ల పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటి నా ఫోన్లో ఉంది. అందులో పెట్టాను. జవాబు వచ్చేదాకా బేరానికి వచ్చిన మనిషి మేకులు అడిగితే బోల్టులు ఇచ్చాను.

మెడ మాత్రం జపానుదే అన్నారు. దాన్ని బిగించిన రేకు మీద ఆ ముద్ర ఉంది. శబ్దాన్ని పట్టే పికప్‌లు రెండూ జపానువే, కానీ ఒకటి ఒక గిటారుది, ఇంకోటి ఇంకో గిటారుది. తిప్పే గుండీలు ఏదో రేడియోవి. స్విచ్ ఎక్కడిదో వాళ్ళు చెప్పలేకపోయారు. నేను చెప్పాను. అది గోడకు బిగించే లైటు స్విచ్, ఇప్పటికీ మా షాపులో అమ్ముతాం. అంతవరకూ నవ్వొచ్చింది. దీవుల్లో పాడైన వస్తువును ఏది దొరికితే దాంతో నడిపించుకోవడం మాకు అలవాటే.

ఆఖర్న గిటారు ఒంటి సంగతి వచ్చింది. ఆ రకం గిటార్లకు ఒళ్ళంతా ప్లైవుడ్డే, తేలిగ్గా ఉండాలి, నీదెంత బరువుందని అడిగారు. ఒక పాట పూర్తయ్యేసరికి నా భుజం లాగేస్తుంది. ఇలాంటి ఒంటిని మేమెక్కడా చూడలేదని రాసి వాళ్ళు ఊరుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వెనకవైపు అంచు దగ్గర ఎమరీ పేపర్ పెట్టాను. పైన నీలం రంగు. డింగీ పడవలకు వేస్తారే, అదే. దాని కింద మందంగా లప్పం. లప్పం కింద కర్ర. రుద్దగానే ఎర్రటి పొడి రాలింది. వాసన చూశాను. ఇక్కడ పుట్టి పెరిగినవాడు ఎవడైనా కళ్ళు మూసుకుని చెబుతాడు, అది పడౌక్ అని. మా అడవి చెట్టు. ఏ జపాన్ నావికుడూ తెచ్చింది కాదు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని క్రిస్మస్‌లు మా చేత నోళ్ళు తెరిపించి వినిపించిన కథ ఇదా! కోపం దిగాక భయం పట్టుకుంది. ఆ కథే సాక్ష్యంగా చెబితే దేవుడి ముందు అబద్ధమాడినట్టు. నిజం చెబితే ఆయన కూడికలోనే, ముందు వరసలో భార్య కూర్చుని ఉండగా, ఆయన్ని అబద్ధాలకోరుని చేసినట్టు.

"నోరు మూసుకుని వాయించి వచ్చెయ్. నీకెందుకు లేనిపోని గొడవ?" అంది మా ఆవిడ.

మంచి సలహానే. కానీ నా వల్ల కాలేదు. గిటారును దుప్పట్లో చుట్టుకుని, హోప్ టౌన్ వెళ్ళడానికి బంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కాను. ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాను. ఫెర్రీలో పనిచేసే అతను విసిగిపోయి, "భయ్యా, బైఠ్ జావో నా!" అని బెంచీ చూపించాడు. కూర్చుని మళ్ళీ లేచాను.

ఆంటీ టీ ఇచ్చి నా కాలి వైపే చూస్తోంది. "ఏటి బాబూ, అలగ కాలూపుతున్నావు? ఎవలైనా తరుముతున్నారేటి?"

దాచలేకపోయాను. "ఆంటీ, ఇది పూర్తిగా జపానుది కాదు" అని దుప్పటి విప్పి, గీకిన అంచు చూపించాను. ఆంటీ వేలితో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పక్కా పడౌక్" అంది. వేలికంటిన ఎర్రపొడిని కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "ఎనక్కి తిప్పు, మొత్తం గీకు" అంది.

నేను గీకుతుంటే తనే చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్న కర్రల మిల్లులో పనిచేసేవాడు. కూతురి పెళ్ళికి పడౌక్ మంచం చేయించాడు. తొలి కాన్పుకు ఆంటీ బ్రూక్షాబాద్‌లో పుట్టింటికి వెళ్ళి, వానలు తగ్గాక బిడ్డతో తిరిగొస్తే మంచానికి తలవైపు పలక లేదు. చెద పట్టింది, తగలబెట్టేశానన్నాడు మొగుడు. చూడ్డానికొచ్చిన తండ్రి వినలేదు. పడౌక్‌కి చెదేటి, నా చేత్తో ఎంత కర్ర కోశాను, నీ మొగుడు అమ్ముకున్నాడని అందరి ముందూ అనేశాడు.

"నా పెనిమిటిని దొంగంటే నానెలగ ఊరుకుంతాను? నా గుమ్మం ఎక్కొద్దన్నాను మా నాన్నని. ఆ మాట నానే అన్నాను బాబూ. పోయేదాకా ఎక్కనేదు."

లప్పం పెచ్చులుగా ఊడుతోంది. దాని కింద ఏదో ఎత్తుగా తగిలింది. ఆంటీ నా చేతిలోంచి ఎమరీ పేపర్ లాక్కుని తనే రుద్దింది. ఒక పువ్వు బయటపడింది. రేకులు పైకి లేచి ఉన్న చెక్కడం. పక్కన ఒక తీగ, సగంలో రంపం పెట్టి కోసినట్టు ఆగిపోయింది. ఆంటీ లేచి లోపలి గదిలోకి నడిచింది. వెనకే వెళ్ళాను. మంచానికి కాళ్ళవైపు పలక మీద అదే పువ్వు, అదే తీగ.

ఆ తర్వాత అర్థం కానిదేమీ లేదు. మా వానలకు ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. అసలు జపాన్ గిటారు ఒళ్ళు అలాగే పోయి ఉంటుంది. భార్య ఇంట్లో లేని ఆ వానాకాలం, గిటారు లేకుండా ఉండలేక ఆయన పలక కోశారు. అంతవరకూ నేను క్షమించగలను. మామగారు దొంగ అన్నప్పుడైనా గిటారు తిప్పి చూపిస్తే సరిపోయేది. చూపిస్తే జపాన్ కథ పోతుంది. ఆ ఒక్క కథ కోసం తండ్రినీ కూతుర్నీ విడిపోనిచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె ఎదురుగానే వాయించారు.

ఆంటీ మంచం మీద కూర్చుని గిటారును ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. "అడిగితే ఇద్దును కదయ్యా" అంది. ఆ మాట నాతో కాదు. నాకు ఆయన మీద పట్టరాని కోపం, ఆమెను చూస్తే ఏడుపు, రెండూ ఒక్కసారే వచ్చాయి.

"కూడికలో ఏం చెప్పమంటారు ఆంటీ?"

"నువ్వేటీ సెప్పొద్దు. పువ్వు మీద మళ్ళీ రంగెయ్యకు, అంతే."

కూడిక రోజు పాస్టరుగారు నా వైపు చూసి తల ఊపారు. గిటారు మెడలో వేసుకుని లేచాను. నేను నోరు తెరిచే లోపే ముందు వరసలోంచి ఆంటీ లేచింది. తెల్లచీర కొంగు భుజం మీదుగా కప్పుకుని, జనం వైపు తిరిగింది.

"మా నాన్న సెప్పింది నిజం. పడౌక్‌కి చెద పట్టదు. మా ఆయన నాకు అబద్ధం సెప్పాడు. కానీ అమ్ముకోనేదు, దేవుడి పాటలకే వాడాడు. ఆలిద్దరూ ఇప్పుడు ఒక్కసోటే ఉన్నారు, ఆలే తేల్చుకుంతారు. మా నాన్నని గుమ్మం ఎక్కొద్దన్నది మాత్రం నాను. నా గురించి ప్రార్థన సెయ్యండి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టరుగారు కూడా బైబిలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆంటీ నా వైపు తిరిగి, "వాయించు బాబూ" అంది.

పాట మొదలుపెట్టాను. పలచటి చొక్కాలోంచి పువ్వు రేకులు పొట్టకు గుచ్చుకుంటున్నాయి. ఎటు జరిగినా గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఆయన అక్కడ అంత మందంగా లప్పం ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తెలిసింది.