పేరాలో లేని జవాబు

మా నాయన చర్చిలో ఉపదేశి. ఆళ్లగడ్డలో మా ఇంట్లో రోజూ సాయంకాలం ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఒకరు వాక్యం చదివితే, మిగిలినవాళ్ళు అందులో తమకు దొరికిన సందేశం చెప్పాలి. చెప్పకుంటే అన్నం దగ్గరికి లేవనిచ్చేవాడు కాదు. నాకు ఆకలి ఎక్కువ, సందేశాలు తక్కువ. మా అక్కకు మాత్రం ఏది చదివినా సందేశం దొరికేది. గొర్రెల లెక్కలున్న అధ్యాయంలోంచి కూడా సహనం గురించి నాలుగు మాటలు తీసేది.

ఆ విద్యే ఎనభైల మొదట్లో ఆమె కొంప ముంచబోయింది.

అక్క నంద్యాలలో ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. శనివారం బస్సెక్కి ఇంటికొచ్చేది. పాఠం బాగా చెప్తుందని అందరూ అనేవాళ్ళు గానీ ఆమెకు ట్రైనింగు లేదు. ఈసారి ట్రైనింగు సీటు రాకపోతే వచ్చే ఏడు వేరేవాళ్ళను పెట్టుకుంటామని పెద్ద టీచరమ్మ మొహం మీదే చెప్పేసింది. సీటు రావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో ఇంగ్లీషు పేరా ఒకటిచ్చి, కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. అంతకుముందు ఒకసారి రాసి తప్పింది. ఎందుకు తప్పిందో ఆమెకు అర్థం కాలేదు.

నేను అప్పటికి ఒక దినపత్రికకు ఆళ్లగడ్డ విలేకరిని. పాత ప్రశ్నపత్రం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. అందులోని పేరాలో, వానరోజున ఒక అంగడాయన పెందలాడే అంగడి మూసి ఇంటికి పోయాడు. ఎందుకు మూశాడు అని ప్రశ్న. అక్క తడుముకోకుండా 'భార్యాబిడ్డల మీద ప్రేమ' అన్న జవాబుకు టిక్కు పెట్టింది.

"పైకప్పు కారతాందని రాసినాడు గదక్కా!"

"కారితే కారనీరా. ప్రేమ లేకుంటే ఇంటికే ఎందుకు పోతాడు? యాడికన్నా పోవచ్చు గదా?"

"పెండ్లాం మీద ప్రేమ ఉంటే ఉండనీ. పేరాలో యాడుండాది, చూపీ."

ఆమె వెతికింది. దొరకలేదు. అంగడాయన మీద కోపమొచ్చింది.

అప్పుడు తెలిసింది జబ్బేమిటో. నాకూ మొదట్లో అదే ఉండేది. 'రైతులు సంతోషంతో ఉప్పొంగిపోయారు' అని రాసి పంపితే, డెస్కులో ఉన్న పెద్దాయన ఎర్ర సిరాతో కొట్టేసి, 'ఎవరు చెప్పారు?' అని పక్కన రాసేవాడు. ఆ మందే అక్కకు పట్టించాను. ఏ జవాబైనా సరే, పేరాలో ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాకే టిక్కు పెట్టాలి.

ముందు ప్రశ్నలు చదువుకుని తర్వాత పేరా చదవమంటే ససేమిరా అంది.

"అది దొంగతనం గాదా?"

"మీటింగుకు పోయేముందు ఎవరెవరు మాట్లాడతారో నేను కనుక్కోని పోతా. అది దొంగతనమా?"

"నీ పని సంగతి నాకు తెల్దులే."

తెలియని మాట వస్తే నిఘంటువు కోసం లేచేది. "బస్సులో పోతాంటే తెలీని ఊరొస్తే దిగి కనుక్కుంటావా? కూచో, ముందుకు పో" అనేవాణ్ని. కూర్చునేది గానీ ఆ ఊరి వైపే తిరిగి తిరిగి చూసేది.

నెల తిరిగేసరికి మందు ఎక్కువగానే పనిచేసింది. ఒకరోజు ప్రార్థనలో నాయన వాక్యం చదివి, కష్టం గొప్పతనం గురించి చెప్పుకుంటూ పోతున్నాడు. అక్క నెమ్మదిగా అడిగింది: "అది ఏ వచనంలో ఉండాది నాయనా?"

నాయన కళ్ళద్దాలు తీశాడు. పుస్తకంలోకి చూశాడు. నా వైపు చూశాడు.

"పరీక్షకు పోయి ఆడ అడుగు" అన్నాడు.

"ఆ పరీక్ష అయ్యేదాంకా ఈళ్ళిద్దరికీ ముందే అన్నం పెట్టేస్తా" అంది అమ్మ. నాకు అంత మంచి సందేశం ఆ ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు.

పరీక్ష నంద్యాలలోనే. గేటు బయట సోడా బండి దగ్గర నిలబడ్డాను. అక్క చెమటతో, సగం నవ్వుతో వచ్చింది. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడి గురించి పేరా అట. మేమిద్దరం అప్పటికి సముద్రం చూసినవాళ్ళం కాదు.

"పగటిపూట దీపమెందుకు వెలిగించినాడు అని అడిగినార్రా. మూడో జవాబు 'కర్తవ్యం'. పాపిష్టోళ్ళు, నా కోసమే పెట్టినట్టుండారు."

"అదే పెట్టినావా?"

"చెయ్యి దాని మీదికే పోయింది. మళ్ళా వేలు పెట్టి వెతికితే, పొగమంచు అని ఉండాది. అదే పెట్టినా." ఒక గుక్క సోడా తాగింది. "కానీ కర్తవ్యం లేకుంటే పొగమంచులో ఎవురు లేస్తారురా?"

సీటు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి అక్క పెద్ద టీచరమ్మ దగ్గరికి పోతే నేనూ తోడు పోయాను. ఆవిడ సంతోషించలేదు సరికదా, తల పట్టుకుంది.

"నువ్వు ట్రైనింగుకు పోతే మూడో తరగతి ఎవురు చూస్తారు? ఆ పిల్లోళ్ళు ఇంగెవురి మాటా ఇనరు గదమ్మా!"

"తీసేస్తామంటిరి గదా అమ్మగారూ?"

"తీసేస్తామంటే నిజంగానే పోతావా?"

అక్క నవ్వు దాచుకుని కొంగు సర్దుకుంది. "చదువైనంక బిరీన వచ్చేస్తా. అంతవరకూ నా తరగతి ఎవురికీ శాశ్వతంగా ఇయ్యాకండి."

ఆవిడ సరేనంది. బయటికొచ్చాక మెట్ల మీద అక్క ఆగిపోయింది. నన్ను అక్కడే నిలబడమని మళ్ళీ లోపలికి పోయింది, ఆ సరే అన్న మాట కాగితం మీద రాయించుకోవడానికి.