ఇసుకలో ‘అమ్మ’

నా చిన్నప్పుడు, వెల్దుర్తి దగ్గర మా ఊరి బడిలో అక్కా నేనూ ఒకే తరగతిలో కూర్చునేవాళ్లం. అక్క నాకన్నా రెండేళ్లు పెద్దది. రాయడం రాక ఆ తరగతిలోనే ఆగిపోయింది. పాఠం ఒకసారి వింటే మర్నాడు పొల్లు పోకుండా అప్పజెప్పేది. పలక మీద మాత్రం అక్షరం తిరగబడేది, ఒత్తు ఎటో పోయేది. పంతులుగారు బలపం పట్టిన వేళ్ల మీదే కొట్టేవారు. బడికి బయలుదేరే వేళకు అక్కకు రోజూ కడుపునొప్పి వచ్చేది. అమ్మ దాన్ని దొంగనొప్పి అనుకునేది.

ఆ ఏడు పంతులుగారు వెళ్లిపోయి, మాచర్ల నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. మెడలో చిన్న సిలువ, మెత్తని గొంతు. అక్క పలకను ఆవిడ చేతిలోకి తీసుకుని చూశారు. పక్కనే కింద కూర్చుని, “ఎక్కడ కష్టంగా ఉందమ్మా?” అని అడిగారు.

అక్క తల ఎత్తకుండానే, “చూస్తే తెలుస్తదండీ. రాయబోతే ఎటు తిప్పాలో మర్చిపోతన్నా” అంది.

టీచరమ్మ పలక పక్కన పెట్టించారు. బడి వాకిట్లో ఇసుక పోయించి, అక్క చెయ్యి పట్టుకుని బారెడేసి అక్షరాలు దిద్దించారు. ఒక్కో అక్షరం రోజుల తరబడి. వానలు మొదలయ్యేనాటికి అక్క తనంతట తానే ‘అమ్మ’ అని రాసింది. పరుగున పోయి పొలంలో ఉన్న అమ్మను లాక్కొచ్చింది. అమ్మకు చదువు రాదు. “ఇది నేనా?” అంటూ ఆ ఇసుక ముందు నిలబడిపోయింది.

పత్తి తీతల వేళకు టీచరమ్మకు వినుకొండ బదిలీ అయింది. వెళ్లేముందు మా ఇంటికొచ్చి, “పిల్లకు తెలివి తక్కువ కాదండీ. నిదానంగా నేర్పితే వస్తది. బడి మాన్పించొద్దు” అని నాన్నకు చెప్పారు. “అట్టాగేనమ్మా” అన్నాడు నాన్న.

ఆవిడ స్థానంలో వచ్చినాయన మొదటిరోజే అక్కను బల్ల ఎక్కించి, ఆమె పలకను అందరికీ చూపించి నవ్వించాడు. అక్క ఇంటికొచ్చి, “నేనింక పోనే. నువ్వు పో” అంది నాతో. నాన్న కొన్నాళ్లు బతిమాలాడు. తర్వాత మిరపచేలోకి తీసుకుపోయాడు.

అక్క చనిపోయి చాలా ఏళ్లయింది. తన పిల్లల శుభలేఖలు కూడా నాచేతే చదివించుకుని వినేది.

నేను టీచర్నయ్యాను. పిల్లల పక్కన కింద కూర్చోవడం ఆవిడను చూసే నేర్చుకున్నాను. రాయలేని పిల్ల ఎదుట పడితే ఇప్పటికీ నాకు కోపం రాదు, భయం వేస్తుంది. ఈ పిల్ల పక్కన నేను ఎన్నాళ్లు ఉండగలనా అని.