బ్రెడ్డమ్మ బండికి ఏ ఆయిల్?

ఆ పేటలో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలియదు. తెల్లారకముందే మోటార్ సైకిల్ మీద బేకరీ నుంచి బ్రెడ్డు తెచ్చి దుకాణాలకు వేస్తుంది కాబట్టి బ్రెడ్డమ్మ. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ పని భర్తది. బేకరీ మెట్ల మీద జారి నడుము విరగ్గొట్టుకుని ఆయన మంచం పట్టాక, బండి ఆవిడ చేతికొచ్చింది. బండితో పాటే ఆయన సలహాలూ వచ్చాయి. క్లచ్ మీద చెయ్యి వేసుకుని కూర్చోవద్దనీ, ఫలానా మలుపులో ఇసుక ఉంటుందనీ ఆయన మంచం మీంచే బండి నడిపేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

చలి ముదిరేదాకా అంతా సవ్యంగానే సాగింది. ఆ తర్వాత పొద్దున్నే కిక్ కొడితే రాడ్డు కిందికి దిగనని మొండికేయసాగింది. కొట్టి కొట్టి అంత చలిలోనూ ఆవిడకి చెమటలు పట్టేవి. మోకాలు వాచిపోయింది. ఇంజన్ అందుకునేసరికి దుకాణాలవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు.

"ఆయిల్ బిగుసుకుపోతోందండీ. ఈసారి పల్చటిది పోద్దాం," అంది మోకాలికి కాపడం పెట్టుకుంటూ.

"పల్చటిదా!" ఆయన విసురుగా లేవబోయి నడుము పట్టుకున్నాడు. "గాలికి చల్లారే ఇంజన్ అది. ఎండలో కుతకుతలాడిపోతుంది. ఎవడి మాటో విని పల్చటిది పోస్తే ఏమైందో మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతుంది? పెళ్ళయిన కొత్తలో నడివేసవిలో ఇంజన్ పట్టేసి బండి నడిరోడ్డు మీద నిలిచిపోయింది. ఆయన బండి తోస్తుంటే, కడుపుతో ఉన్న తను ఆ ఎండలో వెనకే నడిచింది. అప్పట్నించీ ఆయన చిక్కటి ఆయిల్ తప్ప ఇంకోటి ముట్టలేదు. అది మొండితనం కాదు, ఆ రోజు తాలూకు దిగులు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు.

మర్నాడు పంపకం అయ్యాక స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి సంగతి చెప్పింది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి డబ్బా తిప్పి చూపించింది.

"ఇక్కడ రెండంకెలున్నాయి కదక్కా, ముందుది చలికి. అది ఎంత తగ్గితే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. వెనకది వేడికి. అది ఎంత ఎక్కువైతే కాగాక కూడా అంత చిక్కగా నిలబడుతుంది. మీరు పోసేది ఇరవై, యాభై. ఈ పది, నలభై తీసుకెళ్ళండి, పొద్దున హాయి."

ఆవిడ వెనకున్న నలభై మీద వేలు పెట్టింది. "ముందు పదీ, వెనక యాభయ్యీ ఉన్నది దొరకదా?"

అమ్మాయి బండి కంపెనీవాళ్ళ పట్టిక తీసి వేలితో వెతికింది. "దొరుకుతుందక్కా. ఇదిగో, మీ బండికి పనికొస్తుందనే రాశారు."

గుట్టుగా పోసేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆవిడకి మనసొప్పలేదు. ఒక సీసాలో కొంచెం పాతరకం, ఇంకో సీసాలో కొంచెం కొత్తరకం పోసి రాత్రంతా కిటికీ బయట పెట్టింది. పొద్దున్నే తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన వంచి చూశాడు. పాతది తేనెలా బద్ధకంగా జారింది. కొత్తది చకచకా మూత దాకా వచ్చేసింది.

"వెనక యాభయ్యే కదా?" అన్నాడు అనుమానంగా.

"యాభయ్యే. ఎండకి మీరు భయపడతారని అడిగి మరీ తెచ్చాను."

ఆయన సీసాలు పక్కన పెట్టి, ఆవిడ వాచిన మోకాలి వంక చూశాడు. తర్వాత, "నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళవే. ముందు ఇంజన్ కాస్త వేడి చెయ్యాలి, లేకపోతే పాతది మొత్తం దిగదు," అన్నాడు. ఆయన కుర్చీలోంచి చెబుతుంటే ఆవిడ బోల్టు విప్పి, చేతులు నల్లగా చేసుకుని తనే మార్చింది.

మర్నాడు బండి రెండో కిక్కుకే అందుకుంది.

ఎండలు ముదిరాయి. ఇంజన్ ఎక్కడా మొరాయించలేదు. ఆయన చేతికర్ర సాయంతో వీధిలోకి వచ్చి, ఆగినవాళ్ళందరికీ ఆయిల్ అంకెల పాఠం చెప్పసాగాడు. "ఏరి కోరి నేనే తెప్పించాను," అనేవాడు చివర్లో.

బ్రెడ్డు ట్రేలు తాళ్ళతో బిగిస్తూ ఆవిడ, "అవునండీ, అంతా ఆయన చలవే," అనేది.