కాన్పుల గదిలో సువార్త

నర్సులకు మంత్రసాని శిక్షణ ఇప్పించడానికి ప్రభుత్వం నిధులిచ్చిందనీ, ఏడాదిన్నర హైదరాబాదులో ఉండి నేర్చుకోవాలనీ, ఆ కాలమంతా జీతం ఆగదనీ హెడ్ సిస్టర్ చెప్పినప్పుడు డ్యూటీ గదిలో ఎవరూ చెయ్యెత్తలేదు. అందరి ఇళ్లలోనూ చిన్నపిల్లలో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉన్నారు. సువార్తకూ రెండో తరగతి చదివే కూతురుంది. అయినా భోజనాలయ్యాక ఆమె హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్లి, "నా పేరు పంపుండ్రి మేడం" అంది.

ఆ మాట సాయంత్రానికి ఇంట్లో తెలిసింది. చెన్నూరు నుంచి మనవరాలిని చూడ్డానికి వచ్చిన తల్లి మగ్దలేనమ్మ, చాటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగిపోయింది.

"నర్సువే గదా బిడ్డా! మళ్ల మంత్రసాని సదువేంది? మన ఊర్లె మంత్రసానులు ఏ బడికి పోయిండ్రు?"

"గా కాలం వేరే అవ్వా. ఇది డాక్టర్లతోని కలిసి చేసే పని."

"మరి పిల్లనెవరు జూస్తరు?"

భర్త జోయల్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అప్పుడే స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటున్నాడు. "నేను షిఫ్టు మార్పించుకుంట. బడికి నేనే తోల్కపోత. నువ్వు జర ఈడ్నే ఉండత్తమ్మా, సాలు" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "అడగకుంటనే పేరిచ్చినవా?" అన్నాడు. గొంతులో కోపం లేదు గానీ, చిన్న నొప్పి ఉంది.

"అడిగితే వద్దంటవని కాదు. అడిగేదాంక ఆగితే నేనే వద్దనుకుంటనేమోనని."

ఆమె ఎందుకంత పట్టుబట్టిందో జోయల్‌కు కొంత తెలుసు. సువార్త నర్సింగ్ చదివింది కరీంనగర్‌లో. చదువైన తర్వాత చాలా ఏళ్లు కాంట్రాక్టు మీద పనిచేసింది. ప్రతి మార్చిలోనూ పోస్టు ఉంటుందో పోతుందోనని బెంగ. పర్మినెంటు అయిన సంవత్సరమే కూతురు ఏంజెల్ కడుపున పడింది. కాన్పుకు ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. నొప్పులు మొదలై ఎంతోసేపు కాలేదు. ఎవరో వచ్చి జోయల్‌తో సంతకం పెట్టించుకున్నారు, ఇంకెవరో ఆమె వెన్నులో సూది వేశారు. బిడ్డ బాగానే పుట్టింది. కానీ ఆపరేషన్ ఎందుకు చేశారో ఆమెతో ఎవరూ చెప్పలేదు. ఆమె నర్సు, అడగడం తెలిసిన మనిషి, అయినా ఆ బల్ల మీద పడుకున్నప్పుడు అడగలేకపోయింది. తర్వాత తన వార్డులో ఎంతోమంది ఆడవాళ్లను చూసింది. అడిగితే "ఏమో సిస్టర్, పెద్దాపరేషన్ జేసిండ్రు" అనేవాళ్లే ఎక్కువ. ఎందుకు చేశారో ఒక్కరికీ తెలియదు.

హైదరాబాదులో మొదటి నెలలు కష్టంగా గడిచాయి. పిల్ల ఫోన్‌లో మొదట ఏడ్చేది, తర్వాత ఏడవడం మానేసింది. మానేయడమే సువార్తకు ఎక్కువ బాధ కలిగించింది. చదువు మాత్రం ఆమెను పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆమె కాన్పు గదిలో నేర్చుకున్నదంతా ఏదో ఒకటి చెయ్యడం. సెలైన్ పెట్టడం, ఇంజెక్షన్ ఇవ్వడం, "ముక్కు, ముక్కు" అని అరవడం. ఇక్కడ కూర్చోవడం నేర్పారు. నొప్పులు పడే మనిషిని నడిపించడం, నడుము నిమరడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, బిడ్డ గుండె చప్పుడు మళ్లీమళ్లీ వినడం, అంతా సవ్యంగా ఉంటే చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిక పట్టడం. ఎక్కడ ఓపిక చాలించి డాక్టరును పిలవాలో కూడా అంతే గట్టిగా నేర్పారు.

శిక్షణ ముగించుకుని వచ్చిన సువార్తను ఎమర్జెన్సీలో వేశారు. ఆమె నిర్ఘాంతపోయింది. గైనిక్ డాక్టర్ ఫర్హానా దగ్గరికి వెళ్లింది. ఫర్హానా నెమ్మదైన మనిషి, ఆ రోజు వరుసగా ఆపరేషన్లు చేసి కుర్చీలో కూలబడి ఉంది.

"నాకు తెల్వదా సువార్తా? నువ్వు నేర్చుకున్నది వేస్ట్ అయితుందని నాకూ ఉంది. కానీ వార్డుల సిస్టర్లు లేరు. నిన్ను ఒక్క పేషెంట్ దగ్గర కూసోబెడితే మిగిలినోళ్లను ఎవరు చూడాలె? చదువుకు పైసలిచ్చిండ్రు, మనుషులకు ఇయ్యలే."

అందులో అబద్ధమేమీ లేదు. సువార్త ఎమర్జెన్సీలో కుట్లు వేసే చోట ట్రే అందిస్తూ, పాము కాటు వాళ్లకు సెలైన్లు మారుస్తూ ఆ ఏడాది వర్షాకాలమంతా గడిపింది. హైదరాబాదులో తనతో చదివిన నల్లగొండ అమ్మాయి ఫోన్ చేసి తమ దగ్గరా ఇదే కథ అంటే, ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక సువార్తకు ఏడుపొచ్చింది.

మరుసటి ఏడాది ఆరోగ్యశాఖకు నిధులు పెరిగాయి. దవాఖానలో ఖాళీగా ఉన్న నర్సు పోస్టులు చాలావరకు నిండాయి. కాన్పుల వార్డు పక్కన సామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, మంచాల మధ్య తెరలు కట్టించారు. నొప్పుల్లో కూర్చుని ఊగడానికి పెద్ద రబ్బరు బంతులు, గోడకు పట్టుకునే కడ్డీలు, వేడినీళ్లు వచ్చే స్నానాలగది అమర్చారు. ఫర్హానా స్వయంగా వచ్చి తలుపు తెరిచి, "ఇగ నీ గది. ఏమైనా తేడా అనిపిస్తే ఒక్క నిమిషం ఆగకు, నన్ను పిలువు" అంది.

గది వచ్చింది గానీ మనుషులు రాలేదు. చాలామంది ముందే పంచాంగం చూపించుకుని వస్తున్నారు. ఫలానా రోజు, ఫలానా గడియ అని అయ్యగారు చెప్తే, ఆ గడియకే కోసి బిడ్డను తియ్యమంటున్నారు. చెన్నూరు దగ్గరి పల్లె నుంచి కొమురవ్వ కూడా అలాగే వచ్చింది. ఆమె కొడుకు వెంకటేశ్ దుబాయిలో పనిచేస్తున్నాడు. కోడలు రమకు అది తొలిచూలు.

"శుక్రారం పొద్దుగాల మంచిగున్నదట సిస్టరమ్మా. అయ్యగారు జెప్పిండు. మా కొడుకు గూడ ఫోన్ల జూస్తనన్నడు" అంది కొమురవ్వ.

"నొప్పులే రాలే గదా పెద్దమ్మా. బిడ్డ మంచిగ తిరుగుతుంది, బరువు బాగుంది. ఎందుకు కోసుడు?"

"ఎందుకంటే? ఇప్పుడందరు గట్లనే జేపిస్తుండ్రు. నొప్పులు పడుడెందుకు?"

రమ తల దించుకుని కూర్చుంది. సువార్త ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "నీకేమనిపిస్తుంది రమా?" అని అడిగింది. రమ అత్త వైపు చూసింది.

"జెప్పు పిల్లా, నన్నేం జూస్తవు?" అంది కొమురవ్వ.

"నాకు కోసుడంటె బుగులయితుందక్కా" అంది రమ భయంభయంగా, వినీవినపడనట్టు. "నొప్పులన్నా బుగులే. రెండిట్ల ఏది తక్కువనో తెల్వదు."

సువార్త నవ్వింది. రెండింటి గురించీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆపరేషన్ అవసరమైతే అది తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అవసరం లేకపోతే మోయాల్సిన గాయం అంది. ఒక మాట ఆమె బాగా ఒత్తి చెప్పింది. "నార్మల్ అయితదని నేను గ్యారంటీ ఇయ్య. ఏది జేసినా నీకు జెప్పి జేస్త. గదొక్కటే నా మాట." రమ నొప్పుల కోసమే ఆగుతానంది. కొడుకు దుబాయి నుంచి చెప్పబట్టే, శుక్రవారాన్ని వదులుకోవడానికి కొమురవ్వ ఒప్పుకుంది. "ఆమెను కోసుడు ఎందుకే అవ్వా, ఆమె వద్దంటుంది గదా" అన్నాడట.

మరో వారం తర్వాత తెల్లవారాక నొప్పులతో రమ వచ్చింది. ఆ గదిలోకి ఇంటి మనిషిని ఒకరిని రానిస్తారు. కొమురవ్వ చెప్పులు విప్పి, కొంగు నడుముకు చుట్టి లోపలికొచ్చింది. మొదట గోడవారన నిలబడింది. కాసేపటికి సువార్త చూపించినట్టు కోడలి నడుము మీద అరచేతులు అదిమిపెట్టి నిమరడం మొదలెట్టింది. రమ కడ్డీ పట్టుకుని ఊగుతూ నడిచింది, వేడినీళ్ల కింద కూర్చుంది, మంచినీళ్లు తాగింది, అత్తను పట్టుకుని అరిచింది. "అరువు బిడ్డా, అరువు, ఎవలేమనరు" అంది కొమురవ్వ. తన కొడుకును పొలం గట్టున ఎలా కన్నదో చెప్తూ మధ్యలో తనే కన్నీళ్లు పెట్టుకుంది.

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే సాగింది. అన్నంవేళ దాటాక బిడ్డ గుండె చప్పుడు ఒకసారి మందగించింది. సువార్త రమను ఎడమపక్కకు తిప్పి మళ్లీ విన్నది. కోలుకుంది. తర్వాతి నొప్పిలో ఇంకా తగ్గింది, ఈసారి తేరుకోవడానికి ఆలస్యమైంది. ఉమ్మనీరు పచ్చగా దిగింది, లోపల బిడ్డ ఇబ్బంది పడుతోందనడానికి అది గుర్తు. ఆ గదిలో ఇది మొదటి కాన్పు. బయట సిస్టర్లు ఆసక్తిగా ఎదురుచూస్తున్నారు. అయినా సువార్త ఆ సంగతి ఆలోచించలేదు. ఫర్హానాను పిలవమని మనిషిని పంపి, రమ ముఖానికి దగ్గరగా వంగింది.

"రమా, ఇటు జూడు. బిడ్డ అలసిపోతుంది. గుండె తగ్గుతుంది. ఇంక ఆగితే మంచిది కాదు, ఆపరేషన్ జేసి తియ్యాలె. డాక్టరమ్మ వస్తుంది. నేను నీతోనే ఉంట. సరేనా?"

రమ తలూపింది. "బిడ్డకేం గావద్దక్కా. చెయ్యుండ్రి."

ఫర్హానా వచ్చి చూసి వెంటనే ఆపరేషన్ గది సిద్ధం చేయించింది. ఆపరేషన్ గదిలో సువార్త రమ తల దగ్గర నిలబడి, ఏం జరుగుతున్నదో ఒక్కొక్కటే చెప్పింది. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉంది. పుట్టాక కాసేపు ఏడవలేదు. తర్వాత ఏడ్చింది.

బయట కొమురవ్వ మండిపడుతోంది. "ఆఖరికి కోసుడేనాయె! శుక్రారమే కోస్తే మంచి గడియల పుట్టేది గదా. పొద్దంత నా కోడలిని గోస పుచ్చుకుంటిరి!"

వార్డంతా విన్నది. "కోపం చెయ్యి పెద్దమ్మా, నీకు హక్కుంది. ముందు మనవరాలిని జూడు" అని సువార్త బిడ్డను చేతికిచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, బట్టలైనా మార్చుకోకుండా గడప మీద కూర్చుంది. మగ్దలేనమ్మ పక్కన కూర్చుని, ఏం జరిగిందని అడగకుండా, తలలో నూనె పెట్టింది.

తర్వాతి రోజు రమ బిడ్డకు పాలిస్తుంటే సువార్త వెళ్లింది. క్షమించమని అనాలో వద్దో తేల్చుకోలేకపోతోంది. రమే ముందు మాట్లాడింది. మా ఊర్లో నా వయసు వాళ్లందరికీ కోశారు, ఎందుకో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు అంది. "పేగు సుట్టుకున్నది. గుండె తగ్గింది. నన్నడిగిండ్రు, నేను సరేనన్న." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఒక ధీమా ఉంది. సువార్త పసిదాని పాదాన్ని నిమిరింది.

కొమురవ్వ మాత్రం ఇంటికి పోయేదాకా ముభావంగానే ఉంది. కానీ చలికాలం ముగిసేవేళకు మళ్లీ వచ్చింది, నిండు చూలాలైన తన చిన్నకూతురిని వెంటబెట్టుకుని.

"దీన్ని గూడ గా గదిలనే ఉంచుండ్రి" అంది, సువార్త కళ్లలోకి చూడకుండా. "నన్ను లోపలికి రానియ్యాలె. నేను లేకుంటే ఇది బుగులు పడ్తది."

ఆ అమ్మాయికి సుఖప్రసవమైంది. కొమురవ్వ ఊరి నుంచి మరికొందరు వచ్చారు. నెమ్మదిగా గదిలో మంచాలు ఖాళీగా ఉండటం తగ్గింది. అందరివీ సుఖప్రసవాలు కాలేదు. ఫర్హానాను పరుగున పిలిచిన రోజులు మళ్లీ వచ్చాయి. శిక్షణ పొందిన మరో ఇద్దరు నర్సులు సువార్తకు తోడయ్యారు. కొత్త బడ్జెట్ వచ్చే ప్రతిసారీ నర్సులను వేరే వార్డులకు పంపేస్తారేమోనని ముగ్గురికీ ఇప్పటికీ భయమే.

ఈ ఏడాది ఆదిలాబాద్‌లోనూ అలాంటి గది తెరవడానికి నిధులొచ్చాయి. అక్కడి నర్సులకు పని చూపించడానికి సువార్తను కొంతకాలం పంపారు. ఏంజెల్ ఈసారి ఏడవలేదు, తనే బ్యాగు సర్దింది. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో కొందరికి తెలుగు అంతంత మాత్రం. పత్తి మిల్లులో పనిచేసే ఒక అమ్మాయి నొప్పులు పడుతూ మరాఠీలో ఏదో అంటోంది. సువార్త పక్కనున్న ఆయాను అడిగి, భయపడకు అనడానికి వాళ్ల మాట నేర్చుకుంది. ఆ అమ్మాయి చెంప నిమిరి, "ఘాబరూ నకో" అంది. యాస ఎంత వింతగా ఉందో గానీ, అంత నొప్పిలోనూ ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వు పూర్తికాకముందే మరో నొప్పి రావడంతో సువార్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.